లాగలేదన్నాను

పన్నెండేళ్ళుగా బెంగళూరులో నర్సుగా పనిచేస్తున్నాను. రోగులతో నేనాడిన అబద్ధాలు లెక్కపెట్టమంటే నావల్ల కాదు. "సూది వేసినట్టే తెలీదు బాబాయ్" అంటాను, ఆయన కెవ్వుమంటాడు. "రేపు ఇంటికి పంపించేస్తారులే అమ్మా" అంటాను, ఆవిడ ఇంకో వారం అక్కడే ఉంటుంది. వాటిలో ఒక్కటీ నన్ను బాధపెట్టలేదు. ఒక పరుగు పందెం అయిన రెండో నిమిషంలో, ఊపిరి ఇంకా కుదుటపడకుండానే ఒక అమ్మాయితో అన్న ఒక్క మాట మాత్రం మూడేళ్ళయినా నన్ను వదల్లేదు.

మాది ప్రకాశం జిల్లా. బళ్ళో చదివేటప్పుడు నాలుగొందల మీటర్లు పరిగెత్తేదాన్ని. బాగానే పరిగెత్తేదాన్ని కానీ, ఎప్పుడూ నాలుగోదాన్నే. మండలంలో నాలుగు, జిల్లాలో నాలుగు. మొదటి ముగ్గురూ బల్లలెక్కి ఫొటో దిగుతుంటే నేను పక్కన నిలబడి వాళ్ళ చెప్పులకు కాపలా కాసేదాన్ని. నర్సింగ్‌లో చేరాక పరుగు అటకెక్కింది. సర్జాపుర రోడ్డులో మా ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసే ఆవిడ ఒకరోజు క్యాంటీన్లో నన్ను పట్టుకుని, దగ్గర్లో ఒక కాలేజీ మైదానంలో చూపు లేని అమ్మాయిలు పరుగు సాధన చేస్తున్నారనీ, పక్కన పరిగెత్తడానికి కళ్ళున్న ఆడవాళ్ళు దొరకడం లేదనీ చెప్పింది. "పొద్దున ఐదున్నరకల్లా అక్కడుండాలి, అదొక్కటే కష్టం" అంది. డ్యూటీలకు అలవాటు పడ్డదాన్ని, పొద్దున లేవడం నాకో లెక్కా అనుకుని సరేనన్నాను.

ఆ అమ్మాయికి అప్పుడు ఇరవై మూడేళ్ళు. హొసకోటె నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. అక్కడే ఒక కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. తల్లి గార్మెంట్స్‌లో కుట్టుపని చేస్తుంది. తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. పుట్టుకతోనే చూపు లేదు. మొదటి రోజు నేను వెళ్ళేసరికి మైదానం గట్టు మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. ట్రాక్ ప్యాంటు తిరగేసి వేసుకుంది. కుట్లూ, లోపలి లేబులూ అన్నీ బయటికి కనిపిస్తున్నాయి. చుట్టూ పదిమంది ఉన్నారు, కోచ్ ఉన్నాడు, ఎవరూ ఏమీ అనడం లేదు. నా నోరు ఊరుకోదు కదా.

"ఏమ్మాయ్, ప్యాంటు తిరగేసి వేసుకున్నావు" అన్నాను.

ఆమె చేతులు లేసుల మీద ఆగిపోయాయి. "అయ్యో! హొసకోటె నుంచి ఇట్లే వచ్చినాను. రెండు బస్సులు. ఇక్కడికొచ్చి అరగంటయింది. ఒక్కరన్నా చెప్పలేదు చూడక్కా."

కోపం వచ్చిందేమో అనుకున్నాను. నవ్వుతోంది. "నాకు అందరూ బాగుండాది, బాగుండాది అనే చెప్తారు. పాపం అని. మొగానికి మసి అంటినా బాగుండాది, జడ ఊడిపోయినా బాగుండాది. నువ్వు నాతో పరిగెత్తేటట్లయితే ఒకటే మాటక్కా. ఉండేది ఉన్నట్టు చెప్పు. చాలు."

"అంతకంటే నాకేం చేతకాదులే" అన్నాను. గొప్పగానే అన్నాను.

ఇలా పక్కన పరిగెత్తేవాళ్ళను గైడ్ అంటారు, ఆ పని చూడ్డానికి సులువు. జానెడు పొడవున్న గుడ్డ పట్టీ ఒకటి ఉంటుంది. రెండు చివర్లా చెయ్యి దూర్చుకునే వలయాలు. ఒకటి ఆమె చేతికి, ఒకటి నా చేతికి. మా పట్టీని వాళ్ళమ్మ జీన్స్ గుడ్డతో కుట్టింది. ఆమె ఎడమ కాలు పడ్డప్పుడు నా కుడి కాలు పడాలి, చేతులు రెండూ ఒక్కటై ఊగాలి. ఆమె పరుగుకంటే నా పరుగు కాస్త ఎక్కువ ఉండాలి, కానీ ఆమెకంటే ముందు నేను గీత దాటకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం, లాగకూడదు. పట్టీ ఎప్పుడూ వదులుగా ఉండాలి. కోచ్ మొదటి రోజే చెప్పాడు, "కళ్ళు మాత్రం నీవి, కాళ్ళు ఆమెవి. కాళ్ళ జోలికి పోవద్దు" అని. బిగిస్తే పందెం పోయినట్టే.

మిగతాదంతా మాటే. మలుపు వస్తుంటే "మలుపు... మూడు, రెండు, ఒకటి" అనాలి. మలుపు అయిపోగానే "నేరు" అనాలి. నేను మొదట "స్ట్రెయిట్" అనేదాన్ని. "అంత పెద్ద మాట ఎందుకక్కా, ఊపిరి దండగ. మా ఇంట్లో నేరు అంటాము" అంది. చివరి యాభై మీటర్లలో ఎంత మిగిలిందో చెబుతుండాలి. ముందెవరున్నారు, వెనకెవరున్నారు, అదీ చెప్పాలి. నేను "ఒకటి" అనగానే ఆమె ఏమాత్రం తడబడకుండా ఒంటిని లోపలికి వంచి మలుపులోకి దూకేది. మీరు కళ్ళు మూసుకుని నాలుగడుగులు జోరుగా పరిగెత్తి చూడండి, తెలుస్తుంది. నేను ప్రయత్నించాను. మూడో అడుగుకే చేతులు ముందుకు చాచేశాను.

ఒకసారి నేను లెక్క తప్పి మలుపును ఆలస్యంగా చెప్పాను. ఆమె నేరుగా వెళ్ళి ట్రాక్ అంచు ఇటుకలకు తగిలి పడింది. మోకాలు చెక్కుకుపోయింది. "నా తప్పే, లేటుగా చెప్పాను" అని ఏడుపుగొంతుతో అంటూ నా బ్యాగులోంచి దూది తీశాను. "తప్పయితే చెప్పినావు కదా, వదిలెయ్" అంది. కట్టు కట్టించుకుని, లేచి, అదే మలుపులోకి అదే జోరుతో మళ్ళీ పరిగెత్తింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరూ నా మాట మీద అంత బరువు వెయ్యలేదు.

ఏడాదిన్నర గడిచింది. నేను తెలీకుండానే "మా టైమింగు", "మేం తగ్గించాం" అనడం మొదలుపెట్టాను. వార్డులో తోటి నర్సులు "మేము అంటే ఎవరే, కొత్తగా పెళ్ళి గాని చేసుకున్నావా?" అని ఆటపట్టించేవాళ్ళు. నవ్వేదాన్ని. నవ్వాను గానీ, ఆ "మేము"లో అసలు రోగం ఉందని అప్పుడు తెలియలేదు. చెప్పులకు కాపలా కాసిన పిల్ల నాలో ఇంకా బతికే ఉంది. దానికి ఇంకొకరి కాళ్ళు దొరికాయి.

రాష్ట్ర జట్టు ఎంపికకు నాలుగొందల మీటర్లలో నలుగురు అమ్మాయిలు వచ్చారు. ఇద్దరిని తీసుకుంటారు. జాతీయ పోటీలకు వెళ్ళాలన్నది ఆమెకు చిన్నప్పటి నుంచి ఉన్న కోరిక. బడిలో టీచరు ఎవరో పేపరు చదివి వినిపించారట, అప్పటినుంచి పట్టుకుంది. ఊరు నడిబొడ్డున ఉన్న ఎర్రటి సింథటిక్ ట్రాక్ అది. జంటకు రెండేసి వరసలు. అందరి కళ్ళకూ నల్ల గంతలు కడతారు, కాస్తో కూస్తో వెలుతురు కనిపించేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి. "లేని కళ్ళకు మళ్ళీ తలుపు కూడా వేస్తాండారు" అని ఆమె నవ్వుతూ కట్టించుకుంది.

మొదటి అమ్మాయి మొదటి నుంచే చాలా ముందుంది, ఆమెను అందుకునే ఆశ లేదు. ఆఖరి మలుపు అయిపోయి "నేరు" అనేసరికి మేము మూడో స్థానంలో ఉన్నాం. రెండో జంట మాకు నాలుగడుగుల ముందుంది. ఆ అమ్మాయి మైసూరు వైపుది, ఆమె గైడ్ ఆమె భర్త. "యాభై. నాలుగడుగులు ముందున్నారు" అన్నాను. ఆమె పళ్ళు బిగించింది. "ముప్పై. రెండడుగులు." "ఇరవై. ఒకటిన్నర." ఆమె ఊపిరి నాకు తెలుసు. ఆ శబ్దం వింటే ఇంకా ఎంత మిగిలిందో చెప్పగలను. ఇంకేమీ మిగల్లేదు. ఉన్నదంతా పెట్టేసింది. ఒక అడుగు తక్కువగా మేము మూడో స్థానంలో ముగిస్తాం, అదీ ఆ క్షణాన నాకు కనిపించిన లెక్క.

నా చెయ్యి వెనక్కి రావాల్సిన వేళకు రాలేదు. ముందుకే వెళ్ళింది. పట్టీ బిగిసింది. అనుకోకుండా జరిగిందని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. మొదటి అడుగు అనుకోకుండానే అయి ఉండొచ్చు. రెండో అడుగు కాదు, మూడోది అసలే కాదు. గీత దగ్గరికి రాగానే తెలివిగా నా భుజం వెనక్కి తీసుకుని ఆమె ఛాతీని ముందుకు పోనిచ్చాను. మేము రెండో స్థానం. ఆ భార్యాభర్తలకంటే జానెడు ముందు.

ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి రొప్పుతోంది. కళ్ళగంత ఇంకా తీయలేదు. "ఎన్నో స్థానం?" అని అడుగుతుందనుకున్నాను. అది అడగలేదు.

"అక్కా, లాగినావా?" అంది.

"లేదే" అన్నాను.

"చెయ్యి ముందుకు పోయినట్టనిపించింది."

"చెమటకు పట్టీ జారింది, సర్దుకున్నాను అంతే. లాగలేదు."

ఆమె ఎడమ చేత్తో కుడి మణికట్టు రుద్దుకుంది. "సరే అక్కా. నువ్వు లేదంటే లేదే" అని గంత తీసింది. అప్పుడు చెప్పాను, మనం రెండో స్థానమని. ఆమె నా మెడ పట్టుకుని ఎగిరింది. నేనూ ఎగిరాను.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ఆ భర్త చెయ్యెత్తాడు. పట్టీ బిగుసుకోవడం పక్కనుంచి తను చూశానని అధికారితో అన్నాడు. గీత దగ్గర ఒక్కచోటే కెమెరా ఉంది, అందులో ఆమె ముందు, నేను వెనక. ఆ అధికారి బొమ్మను రెండుసార్లు చూసి, లేచి, తిన్నగా ఆమె దగ్గరికి వచ్చాడు. నన్ను అడగలేదు. గైడ్‌ని అడిగి లాభమేముంది, ఏ గైడ్ ఒప్పుకుంటాడు? లాగిన సంగతి తెలిసేది ఆమె చేతికే కదా. కన్నడంలో, నెమ్మదిగానే అడిగాడు, "నీ గైడ్ నిన్ను లాగిందా అమ్మా? నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే రాసుకుంటాను."

ఆమె నిటారుగా నిలబడింది. "లేదు సార్. లాగలేదు" అంది.

ఆయన రాసుకున్నాడు. ఆ మైసూరు అమ్మాయి భర్త చెయ్యి పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. మా అమ్మాయి చెయ్యి కోసం గాలిలో వెతికి, పట్టుకుని, "మా ఆయన పొరపాటు పడ్డట్టున్నాడు, ఏమీ అనుకోవద్దు. బాగా పరిగెత్తావు, అక్కడ కూడా ఇలాగే పరిగెత్తు" అంది. భర్త మాత్రం నా మొహంలోకి చూశాడు. నేను నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను.

మా తెలుగు చర్చి సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యం చెప్పే అలవాటుంది. ఎవరికి మేలు జరిగితే వాళ్ళు లేచి చెబుతారు. ఉద్యోగం వచ్చినా, జ్వరం తగ్గినా, బండి కింద పడి బతికి బయటపడినా. సంఘంలో పెద్దమ్మలు ఊరుకోరు, "మన పిల్ల పందెం గెలిచింది, సాక్ష్యం చెప్పాల్సిందే, ఆ అమ్మాయినీ తీసుకురా" అన్నారు. తీసుకెళ్ళాను. ఆమె నా పక్కనే బెంచీ మీద కూర్చుంది. నేను లేచి నిలబడి, మైకు పట్టుకుని, చివరి ఇరవై మీటర్లలో దేవుడు మాకు బలమిచ్చాడని చెప్పాను. అలాగే, ఆ మాటలతోనే చెప్పాను. అందరూ "స్తోత్రం" అన్నారు. పాస్టరుగారు ఆప్యాయంగా ఆమె వైపు తిరిగి, "నువ్వూ రెండు మాటలు చెప్పమ్మా" అన్నారు. ఆమె కూర్చునే, "అక్క చెప్పింది కదయ్యా" అంది. మైకు అందుకోలేదు. దేవుడి మీదికి తోసేసిన నా మూడడుగుల సంగతి నాకు తెలుసు.

అప్పటికైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. జాతీయ పోటీలకు రెండు నెలలుంది. సాధన మొదలైంది, కానీ ఆమె పరుగు పడిపోతూ వచ్చింది. మొదట అర సెకను, తర్వాత ఒకటి, తర్వాత రెండు. కోచ్ తిండి మీద పడ్డాడు, గుడ్లు తినమన్నాడు. ఆమె తల్లి దిష్టి తీసింది. నేను నర్సును కదా, నా పద్ధతి నాది. ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ బ్రహ్మాండంగా ఉంది. అయినా ఐరన్ మాత్రలు ఇచ్చాను. జబ్బు ఏమిటో తెలిసీ వేరే మందు ఇచ్చే నర్సును నాలోనే చూశాను.

ఎందుకంటే ఆమె పక్కన పరిగెత్తేది నేను. "మూడు, రెండు, ఒకటి" అన్నాక, ఆమె కాలు నేల మీద ఒక్క లిప్త ఎక్కువసేపు ఆగేది. వేళ్ళతో తడిమి చూసుకుని, అవును, మలుపే, అని నిర్ధారించుకుని అప్పుడు కదిలేది. ఎడమ చెయ్యి, ఎప్పుడూ ఒంటికి దగ్గరగా ఊగే చెయ్యి, కాస్త ముందుకు లేచేది, తెలియని ఇంట్లోకి అడుగుపెట్టినప్పటిలా. ఆమెకు అది తెలియనే తెలియదు. "ఏమాయనో అక్కా, కాళ్ళు మాట వినడం లేదు. నేనే సోమరి అయిపోతాండాను" అని తనను తాను తిట్టుకునేది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె తనను తిట్టుకున్న ప్రతిసారీ నేను ఊరుకున్నాను, ఆ ఊరుకోవడం కూడా అబద్ధమే.

పోటీలకు మూడు వారాలుందనగా, ఒక పొద్దున సాధన అయ్యాక పక్కవీధి దర్శిని హోటల్లో నిలబడి ఇడ్లీ తింటున్నాం. ఆమె ఆ రోజు మలుపులో పూర్తిగా ఆగిపోయింది. ప్లేటు ముందు పెట్టుకుని, తినకుండా, "నాకు చేతకాదేమో అక్కా. నన్ను తీసేసి వేరేవాళ్ళను పంపించమని చెప్దామా?" అంది. కళ్ళ నుంచి నీళ్ళు సాంబారులోకి పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

ఇక నావల్ల కాలేదు. "నేను లాగాను" అన్నాను. "ఆ రోజు. మూడడుగులు. నువ్వడిగితే లేదని అబద్ధం చెప్పాను."

ఆమె ఏడుపు ఆపింది. బల్ల మీద వేలితో గీతలు గీసింది. "తెలుసక్కా" అంది చివరికి. "చేతికి తెలీదా?"

"మరి ఆయనతో లేదని ఎందుకన్నావు?"

"నిన్ను అడిగినాను. నువ్వు లేదన్నావు." ఆమె గొంతులో కోపం లేదు, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నీ మాట నమ్మకపోతే నేను ఎట్ల పరిగెత్తేదక్కా? అందుకని నా చెయ్యే తప్పు అనుకున్నాను. అట్లే అనుకోవాలని శానా చూసినాను."

నేను క్షమించమన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, గుర్తులేదు. ఆమె వినిపించుకోలేదు, చేతులు తుడుచుకుని ఫోను తీసింది. "కోచ్‌కు ఇప్పుడే చెప్పాల. ఆ మైసూరు అమ్మకు ఇంకా మూడు వారాలుండాది, ప్రాక్టీసు చేసుకుంటాది" అంది.

నేను రాతపూర్వకంగా ఒప్పుకున్నాను. మా పరుగు కొట్టేశారు. నన్ను ఏడాది పాటు గైడ్‌గా రాకూడదన్నారు. మైసూరు అమ్మాయికి చోటు దొరికింది. ఆమెకు మా అమ్మాయి తనే ఫోను చేసింది, నేను పక్కనే ఉన్నాను. అవతలి గొంతు మొదట సంతోషపడింది, తర్వాత విషయం తెలిసి మండిపడింది. నెలన్నరగా సాధన మానేశాననీ, నీకిప్పుడు గుర్తొచ్చిందా అనీ, మా ఆయన్ను పదిమందిలో అబద్ధాలకోరును చేశావనీ అరిచింది. అన్న ప్రతి మాటా న్యాయమే. మా అమ్మాయి తల వంచుకుని అన్నీ విని, "అవునక్కా. సార్ అడిగినప్పుడు నేనే తప్పు చెప్పినాను" అంది. నా పేరు ఎత్తలేదు. ఫోను లాక్కుని "తప్పు నాది" అని చెప్పాలనుకున్నాను, నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పిల్ల జీవితంలో ఆడిన అబద్ధం అదొక్కటే అయివుంటుంది. అది నాదే.

ఆ తర్వాతి ఆదివారం సంఘంలో లేచి, పోయినసారి చెప్పిన సాక్ష్యం అబద్ధమని చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ఒక పెద్దమ్మ మాత్రం బయట చెప్పులేసుకుంటూ, "అంత చిన్నదానికి అందరి ముందూ చెప్పుకోవాలా పిచ్చి పిల్లా" అంది.

ఏడాది గడువు తీరిన వారానికే ఆమె నుంచి ఫోను వచ్చింది. "వస్తావా అక్కా? నాకు నీ మీద కోపం లేదు. మళ్ళీ మొదలుపెడదాం" అంది. ఆ మాటకు నేను మందుల గదిలో నిలబడి ఏడ్చాను. మర్నాడు పొద్దున వెళ్ళాను. పట్టీ కట్టుకున్నాం. నిదానంగా మొదలుపెట్టాం, పిచ్చాపాటీ చెప్పుకుంటూ, నవ్వుకుంటూ. తర్వాత జోరు పెంచాం. "మలుపు... మూడు, రెండు, ఒకటి" అన్నాను. ఆమె ఆగిపోయింది. "ఇంకొకసారి" అంది. మళ్ళీ పరిగెత్తాం, మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి ఆగినప్పుడు ట్రాక్ మధ్యలో కూలబడి, నా మోకాలు పట్టుకుంది.

"నిజంగా కోపం లేదక్కా. దేవుని మీద ఆన. నువ్వు చెప్పేది నిజమే అని నాకు తెలుసు. కాళ్ళు పోవడం లేదు, ఏం చేసేది?"

నేను ఆమె పక్కనే కూర్చున్నాను. ఎండ ఎక్కేదాకా కూర్చున్నాం. చివరికి ఆమె మెల్లగా, నాకెక్కడ నొప్పి కలుగుతుందోనన్నట్టు అడిగింది, "మీ ఆస్పత్రిలో పరిగెత్తే అమ్మాయి ఎవరైనా ఉంటే చూస్తావా అక్కా?"

చూశాను. మా వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి, చిత్తూరు వైపుది, కాలేజీలో పరిగెత్తేదట. నెల రోజులు నేనే దగ్గరుండి నేర్పాను. ఎక్కడ లెక్క మొదలుపెట్టాలి, ఎప్పుడు "నేరు" అనాలి, పట్టీ ఎంత వదులుగా ఉండాలి, అన్నీ. ఒక రోజు నీళ్ళు తాగుతూ ఆ అమ్మాయి అడిగింది, "ఇన్ని తెలుసు కదా అక్కా, మీరెందుకు మానేశారు?"

మోకాలు నొప్పి అందామని నోటిదాకా వచ్చింది. మింగేసి, జరిగింది చెప్పాను. లాగాననీ, అడిగితే లేదన్నాననీ.

ఆ అమ్మాయి ఇంకా ఏదో ఉందేమో అని కాసేపు చూసింది. "ఇంతేనా అక్కా?" అంది.

"ఇంతే" అన్నాను.

వాళ్ళిద్దరూ పట్టీ కట్టుకుని గీత దగ్గర నిలబడ్డారు. నేను గట్టు మీద కూర్చున్నాను. మొదటి మలుపు దగ్గర కొత్త అమ్మాయి గొంతు గట్టిగా వినిపించింది, మూడు, రెండు, ఒకటి. ఆమె కాలు ఆగలేదు. ఒంటిని లోపలికి వంచి, ఏడాదిన్నరగా నేను చూడని జోరుతో మలుపులోకి దూకింది. సంతోషపడ్డానని రాయాలని ఉంది. పడలేదు. ఆ పిల్ల నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు, అది నా నోటి నుంచి వచ్చి ఉంటే ఆమె ఆగిపోయేదని తెలిసినందుకు, కుళ్ళుకున్నాను. వాళ్ళు గీత దాటాక ఆమె రొప్పుతూ నా వైపు మొహం తిప్పి, "ఎట్లుండాదక్కా?" అని అరిచింది.

బాగుంది. నిజంగానే చాలా బాగుంది. అదే చెప్పాను. ఆమె తల పక్కకు తిప్పి, మెల్లగా కొత్త అమ్మాయిని అడిగింది, "నిజమేనా?"